సైనిక పాఠశాలయు మన పిల్లలును

సైనిక పాఠశాలల ప్రవేశ పరీక్షకు ప్రకటన వెలువడినప్పుడెల్ల మా యొద్దకు వచ్చి సలహా అడుగు తల్లిదండ్రులు కొందరుందురు. “మా వాడు చెప్పిన మాట వినడు, అక్కడ చేర్చినచో దారికి వచ్చునా?” అని కొందరు అడుగుదురు. “తెలుగులో చదివిన పిల్లవానికి అచట చోటు దొరకునా?” అని మరికొందరు సందేహింతురు. ఈ రెండు ప్రశ్నలును తేలికగా తీసివేయదగినవి కావు. మొదటి ప్రశ్న అడుగువారు ఆ పాఠశాల యేమియో ఎరుగరు; రెండవ ప్రశ్న అడుగువారు తమ పిల్లవాని శక్తిని ఎరుగరు. అందుచేత మా అభిప్రాయమును ఈ పత్రికాముఖమున విన్నవించుట మంచిదని తలచితిమి.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మన సైన్యమునకు అధికారులు కొన్ని ప్రాంతముల నుండియు, కొన్ని వర్గముల నుండియు మాత్రమే ఎక్కువగా వచ్చుచుండిరి. ఈ కొరతను తీర్చి, సామాన్య కుటుంబముల పిల్లలకు కూడ మంచి వసతి విద్యను అందించి, వారిని జాతీయ రక్షణ అకాడమీకి సిద్ధపరచవలెనను ఉద్దేశముతో, వి.కె. కృష్ణ మేనోన్ గారు రక్షణమంత్రిగా ఉన్న కాలమున ఈ పాఠశాలలు ఏర్పడినవి. 1961లో మహారాష్ట్రమందలి సతారాలో మొదటిది తెరవబడినది. 1962లో భువనేశ్వరమునందును, తమిళనాట ఉడుమలైప్పేట సమీపమున అమరావతినగరమునందును, 1963లో కర్ణాటకమున బీజాపురమునందును ప్రారంభమైనవి. మన భాషాప్రాంతమున 1962 జనవరి 18వ తేదీన విజయనగరము చెంత కోరుకొండలో ఒకటి వెలసినది. దానికి పి.వి.జి. రాజు గారు తమ కోరుకొండ భవనమును దానముగా ఒసంగిరి. పిదప 2014లో కలికిరిలో మరియొకటి ఏర్పడినది. మన తెలుగువారు స్థిరపడియున్న పొరుగు రాష్ట్రములు ఏవియు ఈ విషయమున వెనుకబడి లేవు.

ఈ పాఠశాలలలో దినచర్య సూర్యోదయమునకు ముందే మొదలగును. పిల్లలు లేచి, పక్క సవరించుకొని, వ్యాయామమునకు పరుగు తీయవలెను. పిదప స్నానము, ఉపాహారము, ప్రార్థనా సమావేశము, తరగతులు. సాయంకాలము ఆటలు, రాత్రి ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చదువు, నియమిత కాలమునకు దీపములార్పుట. బూట్లకు మెరుగు పెట్టుకొనుట, పెట్టె సర్దుకొనుట, చొక్కా గుండీ ఊడినచో కుట్టుకొనుట అన్నియు ఎవరి పని వారే చేసికొనవలెను. పిల్లలందరును కొన్ని ‘హౌసు’లుగా విభజింపబడుదురు. బీజాపుర పాఠశాలలో ఈ హౌసులకు చాళుక్య, హొయ్సళ, విజయనగర మొదలగు రాజవంశముల పేర్లు పెట్టినారు. ఆటలలోను, కవాతులోను, వక్తృత్వములోను, చదువులోను ఈ హౌసుల మధ్య సంవత్సరమెల్ల పోటీ నడచును. గెలిచిన కీర్తి ఒక్కనిది కాదు, హౌసుది. ఓడిననాడు సిగ్గు కూడ అందరిదే.

ఈ సంప్రదాయములలో మాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. తహసీలుదారు కుమారుడును, రైతుకూలీ కుమారుడును ఒకే దుస్తులు ధరించి, ఒకే పంక్తిని కూర్చుండి, ఒకే భోజనము చేయుదురు. ఎవని తండ్రి ఎవరో చొక్కా చూచి చెప్పుటకు వీలులేదు. మన పల్లెలలో ఇంకను సాధింపలేని సమత్వమును పదేండ్ల పిల్లలు అచట ప్రతిదినము ఆచరించుచున్నారు. కవాతు నేర్పినను నేర్పకున్నను, ఈ ఒక్క పాఠము నేర్పిన పాఠశాలకు మేము నమస్కరింతుము.

అయినను సంప్రదాయమను పేరు పెట్టుకొన్నదంతయు పూజింపదగినది కాదు. వసతిగృహములున్న చోట్ల పెద్ద తరగతివారు చిన్నవారిపై అధికారము చెలాయించుట పాతవాడుక. చిన్నవానికి పరుగు నేర్పుట, పక్క సర్దుట నేర్పుట, ఇంటిపై బెంగతో ఏడ్చువానిని ఊరడించుట పెద్దవాని ధర్మము. తన బట్టలు ఉతికించుకొనుట, కొట్టుట, నలుగురిలో అవమానించుట ధర్మము కాదు. “మేము పడితిమి కనుక వీరును పడవలెను” అనునది అత్తగారి న్యాయమే గాని సైనికుని న్యాయము కాదు. 2009 విద్యాహక్కు చట్టము పిల్లలకు శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. విధేయత వేరు, భయము వేరు. భయపడినవాడు అధికారి కనబడనంతనే నియమమును విడుచును. విధేయుడు చీకటిలో కూడ పాటించును. కాబట్టి పిల్లవానిని ఎచట చేర్పించినను, “నీకు అన్యాయము జరిగినచో మాతో చెప్పుము, పిరికివాడవని మేమనము” అని తల్లిదండ్రులు ముందుగనే అభయమీయవలెను.

ఇక భాష సంగతి. ఆరవ తరగతి ప్రవేశ పరీక్షను తెలుగులోనే వ్రాయవచ్చును. మొత్తము 300 మార్కులలో గణితమునకు 150, సామాన్య జ్ఞానమునకు 50, బుద్ధికుశలతకు 50, భాషకు 50. తెలుగును ఎన్నుకొన్నవానికి ఆ భాషా విభాగము కూడ తెలుగే. ఇది ఎరుగక, పరీక్ష కొరకని నాలుగవ తరగతిలోనే పిల్లలను తెలుగు బడి మాన్పించువారిని చూచి మేము విచారించుచున్నాము. తొమ్మిదవ తరగతి ప్రవేశ పరీక్ష మాత్రము ఆంగ్లములోనే జరుగును. మరియొక సంగతి కూడ తెలియవలెను. ప్రతి సైనిక పాఠశాలలోను 67 శాతము స్థానములు ఆ రాష్ట్ర నివాసులకు, తక్కిన 33 శాతము ఇతర రాష్ట్రములవారికి కేటాయింపబడును. ఇచట చూచునది నివాసము, మాతృభాష కాదు. మనము తెలుగువారమైనను కోరుకొండలో ఇతర రాష్ట్రమువారమే. మనమున్న రాష్ట్రపు పాఠశాలలో మాత్రము స్వరాష్ట్రీయులము. కావున తల్లిదండ్రులు నివాస ధ్రువపత్రమును ముందుగనే సంపాదించుకొనుట మేలు. 2021-22 విద్యాసంవత్సరము నుండి సైనిక పాఠశాలలన్నిటిలోను బాలికలకు ప్రవేశము లభించినది. 2025 మేలో జాతీయ రక్షణ అకాడమీ నుండి 17 మంది యువతులు మొదటిసారిగా శిక్షణ ముగించుకొని వెలువడిరి. ఆడపిల్లకు ఈ చదువెందుకను మాటకు ఇక చోటులేదు.

ప్రవేశించిన తరువాత బోధన ఆంగ్లములో సాగును. మొదటి నెలలలో మన పిల్లలు తడబడుదురు. ఇది దాచవలసినది కాదు. కాని ఇంట తెలుగు, వీధిలో పొరుగుభాష, బడిలో మూడవ భాష నేర్చిన మన పిల్లలకు క్రొత్త భాష భూతము కాదు. ఒక భాషలో ఆలోచించుట చక్కగా నేర్చినవాడు మరియొక భాషలో మాటలు మాత్రమే వెదకుకొనవలెను. ఏ భాషలోను ఆలోచింప నేర్వనివాడు రెండును వెదకుకొనవలెను. మా భయము వేరొకటి. ఆంగ్లము వచ్చునో రాదోయని కాదు, తెలుగు నిలుచునో నిలువదోయని. అమరావతినగరమునకో, బీజాపురమునకో వెళ్ళిన పిల్లవానికి తెలుగు అక్షరము కంటబడు అవకాశము తక్కువ. ఆ అక్షరమును కాపాడు భారము ఇంటిది. వారమునకొక ఉత్తరము తెలుగున వ్రాయుడు; తెలుగున బదులు కోరుడు. ఫోనులో మాటాడిన మాట గాలిలో కలియును. వ్రాసిన ఉత్తరము దిండు క్రింద ఉండును. సెలవులకు వచ్చినప్పుడు చేతికొక తెలుగు పుస్తకమిండు.

దూరపు కొండలు నునుపు. బూట్ల మెరుగును, కవాతు బాజాను చూచి మోసపోరాదు. ఆ పాఠశాలలో చదివినవారందరును సైన్యమున చేరవలెనను నిర్బంధము లేదు. అయినను దాని లక్ష్యమదియే. లక్నో సైనిక పాఠశాలలో చదివిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే 1999లో కార్గిల్ యుద్ధమున ప్రాణమొసగి, మరణానంతరము పరమవీర చక్రము పొందెను. బిడ్డను పంపు తండ్రి ఈ సంగతిని కూడ తలచుకొని పంపవలెను. అల్లరివానిని అణచుటకు అది బందెలదొడ్డి కాదు. పిల్లవాని ఇష్టమెరుగక, ఇరుగుపొరుగువారి యెదుట గొప్పకై పంపుట అతనికిని, ఆ స్థానము దొరకక వెనుదిరిగిన మరియొక పిల్లవానికిని చేయు అపకారము. మొక్కయై వంగనిది మానై వంగదన్న సామెత నిజమే. కాని వంచుటలో విరిచివేయరాదు.

విద్యార్థులారా! మీలో కోరిక గలవారు నిర్భయముగా పరీక్షకు కూర్చుండుడు. గణితమును శ్రద్ధగా సాధన చేయుడు; దినమునకు కొంతసేపు పరుగెత్తుడు; వార్తాపత్రిక చదువుడు. స్థానము దొరకనివారు చిన్నబుచ్చుకొన పనిలేదు. తెల్లవారుజామున లేచుటకును, తన పక్క తాను సర్దుకొనుటకును, తనకంటె చిన్నవానిని కాచుటకును ఏ ప్రవేశ పరీక్షయు అక్కరలేదు. మన పాఠశాలలో కూడ పదవ తరగతివారు ఒక్కొక్కరు ఆరవ తరగతి పిల్లవానినొకనిని తమ్మునిగా, చెల్లెలిగా చేపట్టి, చదువునందు తోడ్పడినచో ఎంత బాగుండును! ఖర్చులేని ఈ సంప్రదాయమును ఈ సంవత్సరమే ఆరంభింపుడని మా కోరిక. తల్లిదండ్రులును దీనిని ప్రోత్సహింతురుగాక!