దాక్షిణ్యం ఎవరడిగారు?

‘నిర్దాక్షిణ్యంగా నరికి చంపారు’ అని రాసేసి చేతులు దులుపుకున్నాం. పత్రికల్లో రాసేవాళ్లం, చదివి నిట్టూర్చేవాళ్లం, సంతాప సభల్లో మైకు పట్టుకునేవాళ్లం, అందరం. ఆ ఒక్క మాట పడితే చాలు, కోపం చూపించినట్టే ఉంటుంది. చంపిందెవరో, ఎందుకో చెప్పే పని తప్పుతుంది.

దాక్షిణ్యమంటే పైనున్నవాడు కిందున్నవాడి మీద చూపేది. ఇష్టమైతే చూపుతాడు, లేకుంటే లేదు. కారంచేడులో 1985 జూలైలో ఎవరు ఎవరిని దాక్షిణ్యం అడిగారు? మాదిగపల్లె వాళ్లు, తాము తాగే చెరువు దగ్గర పెత్తందారీ కులంవాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నారు, అంతే. నీళ్లకొచ్చిన పల్లె మనిషి మున్నంగి సువార్త మీదికి వాళ్లు వస్తే ఆమె చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్ల మీద హక్కు గురించి జరిగినదాన్ని మనం దయ కరువైన కథగా మార్చేశాం. ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాసిన చేతులూ మనవే.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో అది 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. విశేషణాలకు ఏనాడూ కొదవలేని మనకు ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. ‘శిక్షలు రద్దు’ అని శీర్షిక పెట్టి పేజీ తిప్పేశాం.

పోనీ ఆ మాటను హంతకులకే అట్టిపెట్టామా అంటే అదీ లేదు. ‘ఆక్రమణలను నిర్దాక్షిణ్యంగా తొలగించండి’ అని ఓ మంత్రి అధికారులను ఆదేశిస్తే, దాన్ని మెచ్చుకోలుగా పెద్దక్షరాల్లో వేస్తాం. పక్కనే ఫొటో: కూలిన రేకుల ముందు బియ్యం డబ్బా, గ్యాస్ స్టవ్, బడి సంచీ మీద కూర్చున్న పిల్ల. దాని కింద మాత్రం ‘కూల్చివేత దృశ్యం’.

ఆ దాడి తర్వాత కారంచేడు వదిలి చీరాల చేరినవాళ్లు ఎవరి దయకోసమూ చూడలేదు. వాళ్ల పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. ఆ ఇరవైమూడేళ్లూ వాళ్లు వాయిదాలకు తిరిగారు. మనం జూలై 17న, పేజీలో చోటుంటే, ఓ వ్యాసం వేశాం.