కందిరీగ గూడు పొడిచి చూసిన పిల్ల



స్కాలర్‌షిప్పుల గురించి మొదలుపెట్టింది ఈ వారం పూర్తి చేస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. ఐదు మార్కుల ప్రశ్న ఒకటి నాలుగు రోజులుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఇందులో తప్పు చేసింది నేనే. అందుకే ముందు ఇది చెప్పుకోవాలి.

డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు తెలుగు ఇంటర్నల్ పరీక్షలో 'భ్రమర కీట న్యాయాన్ని వివరించండి' అని ప్రశ్న ఇచ్చాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. కందిరీగ ఒక పురుగును పట్టి తెచ్చి మట్టిగూట్లో పెడుతుందట. చుట్టూ తిరుగుతూ ఝుం అని రొద చేస్తుందట. లోపలి పురుగు ఆ రొదే వింటూ, ఆ కందిరీగనే తలుచుకుంటూ, చివరికి తానే కందిరీగై ఎగిరిపోతుందట. జీవుడు కూడా అలాగే బ్రహ్మాన్ని ధ్యానించి బ్రహ్మమవుతాడని వేదాంతులు చెప్తారు. ఇక్కడ న్యాయం అంటే కోర్టులో దొరికేది కాదు. లోకంలో అందరూ చూసి ఒప్పుకున్న పోలిక అని అర్థం. ఈ 'అందరూ చూసి' అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

ఒక అమ్మాయి ఇలా రాసింది. ఆమె మాటలే ఇస్తున్నాను, ఆమెను అడిగే ఇస్తున్నాను: "ఇది నిజం కాదు మేడమ్. మా ఇంట్లో వాసానికి కందిరీగ గూడు పెడితే నేను పుల్లతో పొడిచి చూశాను. లోపల పచ్చ పురుగులు నాలుగైదు ఉన్నాయి. కదల్లేదు, చచ్చిపోనూ లేదు. తెల్లటి పిల్లపురుగు ఒకటి వాటిని తింటా ఉంది. పురుగు కందిరీగ అవ్వలేదు. కందిరీగ పిల్ల పురుగును తినేసింది."

నేను ఐదుకు రెండు వేశాను. పక్కన ఎర్ర పెన్నుతో 'అడిగింది రాయలేదు' అని కూడా రాశాను.

పేపర్లు ఇచ్చిన రోజు క్లాసయ్యాక నా దగ్గరికొచ్చింది. "తప్పు రాశానా మేడమ్?" అంది. "తప్పు కాదమ్మా, నేనడిగింది అది కాదు" అన్నాను. "సరే మేడమ్" అని వెళ్లిపోయింది. ఆ 'సరే' నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ల కింద ఎం.ఏ. క్లాసులో నేనూ అదే అన్నాను. సెమినార్‌లో మా అమ్మమ్మ ఆరుద్ర పురుగును చూసి విత్తనాల మాట ఎత్తేదని చెప్తే, మా మాస్టారు నవ్వి, "అది మూఢనమ్మకం, జానపదం పేపర్లో రాసుకో" అన్నారు. సరే సార్ అన్నాను. తర్వాత డాక్టరేటూ చేశాను, ఉద్యోగమూ వచ్చింది, చివరికి ఆ ఎర్ర పెన్ను నా చేతికే వచ్చింది.

సరే, గూట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఆ పిల్ల చూసింది అక్షరాలా నిజం. గూడు కట్టేది తల్లి కందిరీగ. తడిమట్టిని ఉండలు చేసి, నోటితో మోసుకొచ్చి కుండలాగా కడుతుంది. తర్వాత వేటకు పోతుంది. కొన్ని జాతులు ఆకుపురుగులను తెస్తాయి, కొన్ని సాలీళ్లను తెస్తాయి. కుట్టినప్పుడు ఎక్కించే విషంతో అవి చావవు, చచ్చుబడిపోతాయి. చస్తే కుళ్లిపోతాయి, కదిలితే గుడ్డుకు ప్రమాదం. ఆకుపురుగులను తెచ్చే జాతుల్లో కొన్ని గూటి పైకప్పుకు సన్నటి దారంతో గుడ్డును వేలాడదీస్తాయి. మూతి మూసేసి తల్లి వెళ్లిపోతుంది. పిల్ల ఆ బతికున్న తిండి తిని, గూట్లోనే రూపం మార్చుకుని, మట్టిని తొలుచుకుని బయటికొస్తుంది. బయటినుంచి చూసేవాడికి పురుగు లోపలికి పోవడం, కందిరీగ బయటికి రావడం మాత్రమే కనబడతాయి. మధ్యలో జరిగింది భోజనం. పండితుడు దాన్ని మోక్షమనుకున్నాడు.

ఇక ఆ రొద సంగతి. మట్టి అతికేటప్పుడు కందిరీగ తన రెక్కల కండరాలను అదిలించి మట్టిని కదిలిస్తుంది. అలా కదిలితే మట్టి మెత్తబడి, సాగి, గోడకు పట్టుకుంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు మన మేస్త్రీలు వైబ్రేటర్ పెట్టరూ, అదే పని. పండితుడికి మంత్రంలా వినబడింది తాపీపని చప్పుడు.

ఫ్రాన్స్‌లో ఫాబ్రె అనే బడిపంతులు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ కందిరీగల్ని ఏళ్ల తరబడి కనిపెట్టి, గూళ్లు విప్పి, చూసింది పుస్తకాలుగా రాశాడు. ప్రపంచం ఆయన్ని శాస్త్రజ్ఞుడంది. మా పిల్ల అదే పని పుల్లతో చేస్తే రెండు మార్కులు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయనతో ఈ మాట అంటే, "అది దృష్టాంతమమ్మా, జువాలజీ కాదు. ముఖం చంద్రబింబం అంటే చంద్రుడి మీద గుంటలున్నాయని కొట్టేస్తావా?" అన్నారు. మాట బాగానే ఉంది. కానీ చంద్రబింబం అన్నవాడు 'ఇది జరుగుతుంది, చూడు' అనడం లేదు. భ్రమర కీటం అన్నవాడు అదే అంటున్నాడు. లోకంలో పురుగు మారుతోంది కదా, కాబట్టి నువ్వూ మారతావు అని సాక్ష్యం చూపిస్తున్నాడు. సాక్ష్యం అబద్ధమైతే వాదన ఏమవ్వాలి? భాగవతం పదకొండో స్కంధంలో అవధూత చెప్పుకున్న 24 మంది గురువుల్లో ఈ కందిరీగ ఉంది. ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు ఇంకో అడుగు ముందుకేసి చెప్తాడు. ప్రేమే అక్కర్లేదు, భయంతో, ద్వేషంతో తలుచుకున్నా పురుగు ఆ రూపమే పొందుతుందట.

భయంతోనైనా సరే. నన్ను ఆపింది ఆ మాటే. గూట్లో పడ్డ పురుగుకు నిజంగానే భయం ఉండి ఉంటుంది. ఆ భయాన్ని కూడా భక్తి కింద రాసుకున్నారు.

మనకు ఈ రొద కొత్తది కాదు. ఆ మాంసం మానెయ్, ఆ యాస మార్చుకో, ఆ పేరు మార్చుకో, మా పండగలు చెయ్, అప్పుడు నువ్వూ మాలో ఒకడివే. ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గుల మీద రాసిన పుస్తకంతో దీనికి సంస్కృతీకరణ అన్న పేరు స్థిరపడింది. పైకులం ఆచారాలు అనుకరించి కింది కులం పైకి పోవడానికి చూడటం అన్నమాట. చాలామంది దాన్ని మార్పు అన్నారు. గూట్లోంచి బయటికొచ్చేది మనమా, మనల్ని తిన్నవాడా అని అడిగినవాళ్లు తక్కువ. అంబేడ్కర్ అడిగారు, అడిగాకే 1956లో నాగపూర్‌లో గూడు వదిలి బయటికి నడిచారు.

ఇప్పుడు మూఢనమ్మకం అనిపించుకున్న మా అమ్మమ్మ పురుగు దగ్గరికి రండి.

ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రోజుల్లో మంచి వాన పడితే, మర్నాడు పొద్దున ఎర్రమట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కల్లాంటి పురుగులు నడుస్తాయి. మా ప్రకాశం వైపు పిల్లలం అరచేతిలో పెట్టుకుని ఆడేవాళ్లం. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుంటాయి. కాళ్లు లెక్కపెడితే ఎనిమిదుంటాయి, అంటే సాలీడుకు, తేలుకు చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం అవి నేలలోపలే ఉంటాయి. పైపైన చినుకు పడితే రావు. పదును లోపలికి దిగితేనే పైకొస్తాయి. అమ్మమ్మకు సెంటు భూమి లేదు. కానీ ఆ పురుగులు కనబడిన రోజు కొంగు నడుముకు చుట్టి, "ఇక విత్తుకు పిలుస్తారే" అనేది. ఆమె చూస్తున్నది శకునం కాదు, నేలలో తడి ఎంత దిగిందో. పిలుపొస్తే కూలి, కూలొస్తే గింజలు. ఆ ఎర్ర పురుగు మా ఇంట్లో పొయ్యికి సంబంధించిన విషయం.

అదే వానకు సాయంత్రం ఉసిళ్లు లేచేవి. దీపం కింద వెడల్పు గిన్నెలో నీళ్లు పెడితే వచ్చి పడేవి. మూకుట్లో వేయించి, చేటలో రెక్కలు చెరిగి, ఇంత ఉప్పేసి పేలాలతో కలిపి పెట్టేది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. ఈ మాట స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడూ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. ఆ ఉసిళ్లు పుట్టలోంచి వస్తాయి. కార్తీకంలో నాగుల చవితికి ఊరంతా వచ్చి పాలు పోసేదీ ఆ పుట్టలకే. పుట్టను కట్టింది పాము కాదు. ఉమ్ముతో మట్టి తడిపి ఒక్కో రేణువూ పేర్చింది చెదపురుగులు. సామెత కూడా ఆ కష్టాన్ని చీమల పేర రాసింది! కట్టినవాళ్ల పేరు ఎక్కడా లేదు, వచ్చి కాపురమున్నవాడికి పాలు. ఉసిళ్లు తిన్నామని మా పల్లెను అసహ్యించుకున్నవాళ్లే పుట్టచుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లు.

పేర్లు చూడండి. సాలెపురుగు, కుమ్మరి పురుగు, గొల్లభామ. చేసే పనిని బట్టి మనిషికి కులం అంటగట్టినట్టే పురుక్కీ అంటగట్టారు. బురదలో తిరిగినా ఒంటికి బురద అంటదని కుమ్మరి పురుగును జ్ఞానితో పోల్చారు. బురదలో దిగి నాటేసిన మనిషిని మాత్రం అంటరానివాడన్నారు. పురుగంటే హాస్టళ్లలో చదివిన మనకు ముందు గుర్తొచ్చేది అన్నంలో ముక్కపురుగు. దాన్ని ఏరి పక్కన పెట్టి తినడం కూడా ఒక చదువే. కాకపోతే దాని మీద ఏ న్యాయమూ లేదు.

ఇంత రాశాక ఇంకో మాట రాయకపోతే నేనూ ఆ పండితుడి లాగే అవుతాను. మన పెరట్లో నమ్మకాలన్నీ బంగారం కాదు. కందిరీగ ఇంట్లో గూడు పెడితే ఆ ఇంటి ఆడపిల్ల నీళ్లోసుకుంటుందని మా వాడలో గట్టి నమ్మకం. మా పిన్నికి పెళ్లయిన ఏడేళ్లు పిల్లల్లేరు. ఆమె ఇంట్లో గూళ్లు చూరు నిండా ఉండేవి. ఒక్కటీ పగలగొట్టనిచ్చేవాళ్లు కాదు. వచ్చిన ప్రతివాళ్లూ గూడు వైపొకసారి, ఆమె పొట్ట వైపొకసారి చూసేవాళ్లు. డాక్టరు దగ్గరికి మొగుడినీ తీసుకెళ్లాలన్న మాట ఏడేళ్లూ ఎవరి నోటా రాలేదు.

తేలు ఇంకా ఘోరం. మా చిన్నప్పుడు తేలు కుడితే ముందు మంత్రం, తర్వాతే ఆసుపత్రి. ఎర్రతేలు విషం పిల్లల గుండె మీద పనిచేస్తుంది. మంత్రంలో పోయే గంట ప్రాణం తీసే గంట. 1980ల్లో మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మామూలు బీపీ మందు తేలు కుట్టినవాళ్లకు ఇచ్చి ఎంతోమందిని బతికించారు. మహాడ్ అంటే మనకు 1927 చవదార్ చెరువు గుర్తొస్తుంది. బావస్కర్ కూడా గుర్తు రావాలి. తేలు మంత్రాన్ని మన సంస్కృతి అని వెనకేసుకొచ్చే తమ్ముళ్లు కొందరున్నారు. మీతో నాకు పేచీ ఉంది. ఆరుద్ర పురుగు మాట ఎందుకు నిలబడిందంటే, అది అమ్మమ్మ చెప్పిందని కాదు, నేలను చూసి చెప్పిందని. తేలు మంత్రం అలా నిలబడదు. భ్రమర కీటమూ నిలబడదు. ఒకదాన్ని మూఢనమ్మకమని వెక్కిరించి, ఇంకొకదాన్ని న్యాయమని పరీక్షలో అడగడం మాత్రం ఇక నా వల్ల కాదు.

మొన్న శనివారం మార్కుల జాబితా దిద్దాను. ఆమెకు ఐదుకు ఐదు. ఎందుకని అడిగితే రాసివ్వడానికి కాగితం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. క్లాసులో అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు "అయితే మాకు మూడేసి తగ్గిస్తారా మేడమ్?" అన్నాడు. తగ్గించనన్నాను, వాళ్లు రాసింది నేను చెప్పిన అబద్ధమే కదా. సోమవారం ఒక గూడు తెస్తే క్లాసులో విప్పి చూద్దామని ఆ అమ్మాయికి చెప్పాను. ఎగిరి గంతేసింది.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. "మేడమ్, గూడు తేలేను. అక్క పురిటికి వచ్చింది. అమ్మ వాసం దగ్గరికి కూడా పోనివ్వట్లేదు. పాప పుట్టాక తెస్తా."