పందొమ్మిదవ స్థానమునకు వారసులెవరు?

1920 ఆగస్టు 22వ తేదీన, మహాయుద్ధపు గాయములింకను మానని బెల్జియం దేశమున, ఆంట్‌వర్ప్ నగరపు క్రీడాంగణమునుండి బయలుదేరి, వానకు తడిసిన చల్లని బాటలవెంట 42 కిలోమీటర్ల 750 మీటర్ల దూరము పరుగెత్తి, మరల ఆ యంగణముననే ముగియవలసిన మారథాన్ పందెములో, 2 గంటల 50 నిమిషముల 45 సెకండ్లకు గమ్యము చేరి పందొమ్మిదవవాడుగా నిలిచిన భారతీయుడొకడు కలడు. ఆతని పేరు ఫడెప్పా చౌగులే, ఊరు బెళగాం. ఒలింపిక్ చరిత్రలో అంత దీర్ఘమైన మారథాన్ అంతకు మున్ను జరుగలేదు, ఆ పిమ్మటను జరుగలేదు. ప్రథముడైన ఫిన్లండు వీరుడు హాన్నెస్ కొలెహ్మైనెన్ ఆతనికంటె 18 నిమిషములు ముందుగా పందెమును ముగించెను.

పందొమ్మిదవవానిని గూర్చి, నూరేండ్లు గడచిన పిదప, ఆతని ఊరితో సంబంధములేని నెల్లూరు తీరమున కూర్చుండి వ్రాయుట యేల యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. మన వ్రాతలలో ఇట్టివానికి నియతమైన పాత్రయొకటి ఏర్పడియున్నది: ఆతడు పేదవాడై యుండవలెను, చెప్పులులేక పరుగెత్తవలెను, తుదకు ఓడవలెను, మనము ఒకింత కంటతడి పెట్టి, ఆతని పట్టుదలను పిల్లలకు నీతిపాఠముగా చెప్పి, పుట తిప్పవలెను. ఈ పద్ధతి నాకు సమ్మతము కాదు. అల్పసాధనుడైన పరుగువాని కథ ఆతడు చూపిన ఓర్పుతో ముగిసిపోదు. ఆ ఓర్పును కన్నులార చూచిన జనము పిమ్మట ఏమి చేసినదని అడిగినపుడే ఆ కథలోని సారము బయటపడును.

చౌగులే ఆంట్‌వర్ప్ చేరుటయే విచిత్రమైన ఉదంతము. 1919లో పూనాలోని డెక్కన్ జింఖానావారు జరిపిన పోటీలకు అధ్యక్షత వహించిన సర్ దోరాబ్జీ టాటా, పొలము పనులు చేసికొని గంజిమెతుకులతో పెరిగిన రైతుబిడ్డలు, ఐరోపా పందెముల నియమములు గాని క్రమశిక్షణ గాని ఎరుగనివారు, గట్టి కంకర బాటలపై వట్టికాళ్లతో ఇంచుమించు 25 మైళ్లు పరుగెత్తుట చూచి, వారికి పట్టిన కాలమును ఐరోపావారి కాలముతో సరిపోల్చి, ఆ రెంటికిని అట్టే వ్యత్యాసము లేకుండుట గమనించెను. అంతట ఆయన బొంబాయి గవర్నరు సర్ జార్జి లాయిడ్‌తో మాటలాడి, దొరతనమువారి తోడ్పాటును అర్థించి, తన ధనమును వెచ్చించి, నలుగురు పరుగువాండ్రను ఇద్దరు మల్లులను ఓడ యెక్కించెను. మల్లులలో రణధీర్ శిందే నాలుగవ స్థానము వరకు పోయెను. మారథాన్‌లో చౌగులేతోపాటు బయలుదేరిన సదాశివ దాతార్ పందెమును పూర్తిచేయలేకపోయెను. టాటా ఆనాడు ముగ్ధుడైనది వట్టికాళ్లను చూచి కాదు, గడియారమును చూచి. దయతో మెచ్చుటకును లెక్కకట్టి మెచ్చుటకును గల భేదమిదియే. మన దేశము ఒలింపిక్ వేదిక నెక్కినది ఆ రెండవ విధమైన మెచ్చుకోలువలననే.

ఆ కాలపు మారథాన్ ఎట్టిదో తెలిసినగాని చౌగులే సాధించినదాని విలువ తెలియదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన పందెమున, 32 డిగ్రీల యెండలో, మోటారుకార్లు లేపిన ధూళిలో, కొండదారులవెంట 32 మంది బయలుదేరగా 14 మంది మాత్రమే గమ్యము చేరిరి. దారి పొడవునను మంచినీరు దొరకుటకు ఒక్క బావియే దిక్కు. దేహమునకు నీరు లేకున్న ఏమగునో పరీక్షింపవలెనను కుతూహలముతోనే నిర్వాహకుడు జేమ్స్ సలివన్ అట్టి యేర్పాటు చేసెనందురు. ఫ్రెడ్ లోర్జ్ అనువాడు నడుమ 11 మైళ్లు కారులో వచ్చి మొదటివానివలె నిలిచి పట్టుబడెను. విజేతగా ప్రకటింపబడిన థామస్ హిక్స్ ను స్ట్రిక్నిన్ విషమును, బ్రాందీని కొద్దికొద్దిగా పట్టించుచు ఈడ్చుకొనివచ్చిరి. క్యూబా దేశపు తపాలా బంట్రోతు ఫెలిక్స్ కర్వహాల్, చేతనున్న సొమ్ము జూదమున పోగొట్టుకొని, ఎట్లో పందెపు చోటికి చేరి, తొడిగిన లాగును మోకాళ్లకడ కత్తిరించి పరుగెత్తి, ఆకలికి దారిప్రక్క తోటలో పండ్లు తిని కడుపునొప్పితో పరుండి, మరల లేచి నాలుగవవాడుగా వచ్చెనని చెప్పుదురు. దక్షిణాఫ్రికాకు చెందిన త్స్వానా జాతీయులు లెన్ తావు, జాన్ మాషియానీ, బోయరు యుద్ధమును ప్రదర్శించు వినోదములో పాత్రలుగా ఆ ఊరికి వచ్చినవారు, అదే పందెమున తొమ్మిదవ, పన్నెండవ స్థానములలో నిలిచిరి. కర్వహాల్‌కు గాని ఆ త్స్వానా పరుగువాండ్రకు గాని శిక్షకుడు లేడు, వైద్యుడు లేడు, గ్లాసెడు నీరు అందించు చేయి లేదు.

1912లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లోను కథ మారలేదు. ఆనాటి యెండలో పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లజారో దారిలో కూలి మరునాడు మరణించెను. బయలుదేరినవారిలో సగముమంది పందెమును విడిచిరి. ఆ విడిచినవారిలో జపానునుండి ఓడలోను రైలులోను 18 దినములు ప్రయాణము చేసి వచ్చిన షిజో కనకూరి అను విద్యార్థి యొకడు. సొమ్మసిల్లి, దారిప్రక్క యింటివారి తోటలో సేదదీరి, సిగ్గుచేత ఎవ్వరికిని చెప్పక స్వదేశమునకు మరలిపోయిన ఆతనిని స్వీడన్‌వారు తప్పిపోయినవానిగా పరిగణించిరి. 1967లో, 75 ఏండ్ల ప్రాయమున, వారి ఆహ్వానముపై వచ్చి ఆతడు తన పందెమును పూర్తిచేయగా, పట్టిన కాలము 54 సంవత్సరముల 8 నెలల 6 దినములకు పైగా నని ప్రకటించిరి. లోకము ఈ చమత్కారమునే చెప్పుకొని నవ్వుకొనును. నాకు మాత్రము ఆతని జీవితములో ముఖ్యమైన సంవత్సరము 1912 కాదు, 1967 కాదు, 1920.

ఏలయన, ఆంట్‌వర్ప్ పందెములో మన చౌగులే పందొమ్మిదవవాడు కాగా, ఈ కనకూరియే పదునారవవాడు. ఇరువురి నడుమ వ్యవధి రెండు నిమిషములు. ఇరువురును ఆసియావాసులు, ఇరువురి దేశములును ఈ పందెమునకు క్రొత్తవి, నాటి లెక్కలో ఇరువురును అల్పసాధనులే. కాని కనకూరి ఆంట్‌వర్ప్‌కు రాకమునుపే, ఆ యేటి ఫిబ్రవరిలో, టోక్యోనుండి హకోనే కొండలవరకు పోయి తిరిగివచ్చు విద్యార్థుల పరుగునకు ప్రాణము పోసి వచ్చియుండెను. పూర్వము జపాను రాచబాటలపై వార్తలు మోసిన అంచె మనుష్యుల పద్ధతినే పందెముగా మార్చి, ఒకడు తన దూరము పరుగెత్తి భుజమునుండి తీసిన పట్టీని తరువాతివానికి అందించునట్లు ఏర్పరచిరి. మొదటి యేట పాల్గొన్న విద్యాసంస్థలు నాలుగే. నేటికిని ప్రతి జనవరి 2, 3 తేదీలలో, మొత్తము పది అంచెలుగా, 200 కిలోమీటర్లకు పైగా ఆ పరుగు జరుగుచు, జపాను ప్రజలకు నూతన సంవత్సరపు పండుగలో భాగమైపోయినది.

ఒక్కడు 42 కిలోమీటర్లు పరుగెత్తి విఫలుడైనపుడు, దూరపు పరుగును పదిమందికి పంచి, ఆ పదిమందిలోనుండి మరల ఒక్కనిని పెంచుకొనుట యెట్టి వివేకమో ఆ దేశము చూపినది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యము, 1968 మెక్సికోలో రజతము, 2000 సిడ్నీలోను 2004 ఏథెన్సులోను మహిళల మారథాన్ స్వర్ణములు జపానుకు ఊరకే రాలేదు. మనకును వీరులు లేకపోలేదు: 1924 పారిస్‌లో మహాదేవ్ సింగ్, 1936 బెర్లిన్‌లో సి. ఎస్. ఏ. స్వామి, 1952 హెల్సింకీలో సూరత్ సింగ్ మాథుర్ పరుగెత్తిరి. 1976 మాంట్రియల్‌లో శివనాథ్ సింగ్ పదునొకండవవాడయ్యెను, 1978లో జలంధరులో ఆయన నెలకొల్పిన 2 గంటల 12 నిమిషముల జాతీయ పరిమితి నలువదేండ్లకు పైగా చెక్కుచెదరలేదు. ఆ పరిమితిని చూచి మనము గర్వించితిమి. అంతకాలము దానిని దాటువాడొక్కడును పుట్టలేదను సంగతికి సిగ్గుపడవలసియుండెను. ఒంటరిగా మొలచి కాచిన చెట్టును చూపి ఇది మా తోట యని చెప్పుకొన్నట్లున్నది మన స్థితి.

ఇక ఏర్పాట్ల సంగతి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఓ. పి. జైషా మారథాన్‌ను 2 గంటల 47 నిమిషములలో ముగించి గమ్యమువద్ద కూలిపోయెను. అంతకు ముందటి యేడు బీజింగులో ఆమెయే 2 గంటల 34 నిమిషములలో జాతీయ పరిమితిని నెలకొల్పియుండెను. దారిలో మన దేశపు బల్లలవద్ద నీరు లేదని ఆమె చెప్పెను. క్రీడాకారిణులే వలదనిరని మన అథ్లెటిక్స్ సమాఖ్య చెప్పెను. ఈ వివాదమున తీర్పు చెప్పుట నా పని కాదు. సెయింట్ లూయీ ముగిసి 112 ఏండ్లు గడచిన పిదపను, మారథాన్ పరుగువానికి నీరందించు బాధ్యత ఎవరిదను ప్రశ్న మన నోట వినవచ్చుటయే విచారింపదగిన విషయము.

ఇప్పుడు మన తీరమునకు వత్తము. రామాయపట్నమునుండి తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నములమీదుగా దుగరాజపట్నమువరకును, ఆవల పులికాటు వరకును సాగిన ఈ నేలకు దూరపు పరుగు క్రొత్తది కాదు. రైలు రాక పూర్వము, చెన్నపట్టణమునుండి ఉత్తరాదికి పోవు తపాలా సంచి, నెల్లూరుమీదుగా, రన్నర్ల భుజములపై అంచెలంచెలుగానే సాగెడిది. క్యూబా తపాలా బంట్రోతు కథను విని ఆశ్చర్యపడు మనము, మన బాటపై రాత్రింబగళ్లు పరుగెత్తి పేరైనను మిగుల్చుకొనని ఆ మనుష్యులను మరచితిమి. నేటికిని మత్స్యకారుల పట్టపుపాలెములలో తెల్లవారకమునుపే ఇసుకలో కాళ్లూని అలివి వల లాగువారి ఊపిరికిని, పోలీసు ఉద్యోగపు పరీక్షలోని 1600 మీటర్లకై రహదారి అంచున పరుగెత్తు కుర్రవాండ్ర ఊపిరికిని కొదవ లేదు. కొదువయెల్ల ఆ ఊపిరిని కొలిచి, కాచి, పెంచు ఏర్పాటునకే. ఉద్యోగము వచ్చినను రాకున్నను ఆ కుర్రవాని పరుగు 1600 మీటర్లతోనే ఆగిపోవును.

కావున నా సూచన యిది: ఈ తీరమున ఏటేట ఒక అంచె పరుగును నెలకొల్పవలెను. ఒక్కొక్క పాలెమువారు, ఒక్కొక్క ఉన్నత పాఠశాలవారు ఒక్కొక్క జట్టుగా, ఒక్కొక్కరు 3 మొదలు 5 కిలోమీటర్లకు మించకుండ పరుగెత్తి, రామాయపట్నమున కట్టిన పట్టీని దక్షిణమునకు చేర్చవలెను. బకింగ్‌హాము కాలువయు, ఏటి మొగలును అడ్డు వచ్చినచోట పట్టీ పడవలో దాటవచ్చును. ఆ పడవ నడపువాడును జట్టులోనివాడే కావలెను, అతని కాలమును లెక్కకు రావలెను. ఇట్టి పందెము లోకమున మరెక్కడను లేకున్నను చింత లేదు. ఈ నేలకు తగినది ఈ నేలవారు ఏర్పరచుకొనుటలో తప్పేమి?

దీనికి అభ్యంతరములు రాకపోవు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు సముద్రపు వేట నిషిద్ధమైన కాలమున మత్స్యకారులకు తీరిక యుండును గనుక ఆ నెలలలోనే జరుపుదమని కొందరనవచ్చును. అది అంగీకరింపరాదు, అవి కత్తెర యెండల దినములు, స్టాక్‌హోమ్ విషాదమును మైపాడులో తిరిగి వ్రాయుట మనకేల? ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసి, సంక్రాంతి గడచి, ఉదయపు గాలి ఇంకను చల్లగా నుండు జనవరి చివరి వారమే తగిన సమయము. వేటకు పోవలసినవారికి ఒక్క దినపు నష్టమును పూరించుట జిల్లా యంత్రాంగమునకు భారము కాదు. చిన్నపిల్లలను పరుగెత్తించి పేరు గడింపజూచు ఉత్సాహవంతులుందురనుట రెండవ భయము. అది నిజమైన భయమే. 2006లో ఒరిస్సాలో నాలుగేండ్ల బాలుడు బుధియా సింగ్‌ను 65 కిలోమీటర్లు పరుగెత్తించినవారిని దేశము మొదట చప్పట్లతో మెచ్చి, పిదప కలవరపడెను. పదునాలుగేండ్లు నిండనివారికి ఈ పరుగున ప్రవేశము ఉండరాదను నియమమును మొదటి దినముననే, మొదటి పంక్తిలోనే వ్రాసికొనవలెను.

పతకము ఎన్నడు వచ్చునని అడుగువారికి నా సమాధానము వారికి రుచింపకపోవచ్చును. మన ప్రభుత్వములు గెలిచి వచ్చినవారికి కోట్లు ప్రకటించుటలో ఎన్నడును వెనుదీయలేదు. గెలువకమునుపు వారికి కావలసిన కొలిచిన దారి, నాలుగు చోట్ల నీరు, ఒక వైద్యుడు, కాలము వ్రాయు పుస్తకము, ఓడినవాని పేరును భద్రపరచు పట్టిక, ఇవి మాత్రమే వారికి అల్పములుగా తోచును. పాలెములలో పెద్దలైన కాపుల మాటకు ఊరంతయు కట్టుబడు సంప్రదాయము నేటికిని ఉన్నది గనుక, జట్లను కూర్చుటకు వేరు సంఘములు అక్కరలేదు. దారిని కొలుచుట, నీరు పెట్టుట, వైద్యుని పంపుట అను మూడు పనులు జిల్లా అధికారులు చేపట్టిన చాలును. మొదటి యేట మనకు వీరులెవ్వరును దొరకకపోవచ్చును. ఆ యేటికి ఫలితముగా, రామాయపట్నమునుండి దుగరాజపట్నమువరకు ఏ యూరికి ఏ యూరు ఎన్ని మీటర్లో తప్పులేక తెలిసి, ఏ పాలెపు కుర్రవాడు 5 కిలోమీటర్లను ఎన్ని నిమిషములలో దాటెనో ఒక పుస్తకమున చేరిన చాలును. రెండవ యేడు ఆ పుస్తకమును తెరచి చూచువాడే ఈ తీరమునకు మొదటి శిక్షకుడగును.