అల్లం రసం తాగి పడుకోకండి

అయ్యా, అమ్మా, ఈ మాట ఇవాళే ఇంటిల్లిపాదికీ చెప్పండి. ఛాతీలో బరువుగా ఉందని ఎవరైనా అంటే వంటింట్లోకి పరిగెత్తకండి. ముందు 108కి ఫోన్ చేయండి.

జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో మనందరం ఎరిగిన సంగతే ఇది. పగలంతా మిరప చేలో పనిచేసి వచ్చిన మనిషి అన్నం తిని పడుకుంటాడు. రాత్రి రెండింటికి లేచి గుండెల మీద చెయ్యేసుకుని కూర్చుంటాడు. "గ్యాస్ పట్టేసినట్టుందే" అంటాడు. ఇల్లాలు చిన్న రోట్లో అల్లం ముక్క దంచి, గుడ్డలో వేసి పిండి, చిటికెడు ఉప్పు కలిపి గ్లాసు చేతికిస్తుంది. గొంతు మండుతుంది. ఒక త్రేన్పు వస్తుంది. "ఇప్పుడు నయం" అని ఇద్దరూ మళ్లీ పడుకుంటారు.

ఆ త్రేన్పును నమ్మకండి. అల్లానికి వికారం తగ్గించే గుణం నిజంగానే ఉంది. గుండెపోటులోనూ వికారం ఉంటుంది, అక్కడే పొరబడుతున్నాం. కడుపు కాస్త సర్దుకున్నా, గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డ కరగదు. నొప్పి కాసేపు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. ఈలోగా గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది.

ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి. ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు బరువు. చల్లని చెమటలు. ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకే నొప్పి. ఆయాసం. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు అసలు నొప్పే లేకపోవచ్చు. ఊరికే నీరసం, పొట్ట పైభాగాన మంట, వాంతి వచ్చేట్టు ఉండటం, అంతే. అమ్మా, మీరు ఇంట్లో అందరికీ వండిపెట్టి, మీ మంటను అల్లం టీతో సరిపెట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి.

పెద్దాసుపత్రులున్న విజయవాడ నందిగామకు యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు దాదాపు ఎనభై. తెల్లారాక చూద్దామంటే కుదరని దూరం అది. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. రాష్ట్రంలో గుండెపోటు చికిత్స కోసం 2023లో స్టెమి కార్యక్రమం మొదలైంది. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పంపి, ఆయన చెబితే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వడం అందులోని పద్ధతి. వేల రూపాయల మందు అది. నొప్పి మొదలయ్యాక ఎంత త్వరగా పడితే అంత గుండె మిగులుతుంది. అందుకే నొప్పి ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా ఇంటికి బయల్దేరకండి, రక్తపరీక్ష కూడా చేయాలేమో అడగండి. రోగి చేత బండి నడిపించకండి.

గండం గడిచి ఇంటికొచ్చాక ఇంకో ప్రమాదం కాచుకుని ఉంటుంది. అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, వెనిగర్, తేనె కలిపి కాచి సీసాలో పోసుకుంటే బ్లాకులు కరిగిపోతాయని చుట్టాలు చెబుతారు, ఫోనులో వీడియో పంపుతారు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ పూడిపోయిన రక్తనాళాన్ని ఆ రసం తెరవలేదు. దాన్ని నమ్మి మాత్రలు మానేస్తే, వేయించుకున్న స్టెంటే మూసుకుపోవచ్చు. మాత్రలు మానకుండా దీన్నీ తాగుతామంటారా, అదీ క్షేమం కాదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వేసుకునేవాళ్లలో రోజూ గ్లాసుల కొద్దీ అల్లం రసం, చెంచాల కొద్దీ సొంఠిపొడి రక్తస్రావం ముప్పు పెంచవచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనబడితే ఒక్క రోజు కూడా ఆగకండి. పెసరట్టులోకి అల్లం పచ్చడి, కూరలో అల్లం ముక్క మామూలుగా తినండి, వాటికి భయం లేదు.

ఆ సీసా మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే దాచకండి. ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు మాత్రల సంచిలోనే పెట్టుకెళ్లి, డాక్టరుగారి బల్ల మీద పెట్టి అడగండి.