రెండు దేశములు, ఒక జట్టు

భారతదేశమునుండియు పాకిస్తానునుండియు ఆటగాండ్రను ఏరి, నేటివరకు వెలసిన వారిలో మేటియైన టెస్టు క్రికెట్ జట్టును కూర్చుమన్నచో మీరెవరెవరిని ఎన్నుకొందురు? నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో పై తరగతుల విద్యార్థులకు సెలవులలో ఈ పని యప్పగించెడివాడను. వారు తెచ్చిన కాగితములు రెండు తెఱగులుగా నుండెడివి. కొన్నింటిలో పదునొకండుగురును భారతీయులే. మఱికొన్నింటిలో, న్యాయము చేసితిమను తృప్తితో, ఇటు ఆరుగురు, అటు ఐదుగురు. మొదటిది అభిమానము, రెండవది పంపకము. రెండును ఎన్నిక కావు. ఎదుటి జట్టులో మనవానికంటె మిన్న యైనవాడు ఉన్నచో వానిని ఒప్పుకొనవలెను. లేనిచో మొగమాటమునకు చేర్చరాదు. ఇది చెప్పినంత సులభము కాదు.

ఈ రెండు జట్లును ఒకప్పుడు ఒక్కటే యను సంగతి మీలో కొందరు ఎఱుగకపోవచ్చును. 1932లో లార్డ్స్ మైదానమున భారతజట్టు తొలి టెస్టు ఆడినపుడు దానికి నాయకుడు మన తెలుగు కుటుంబమువాడైన సి.కె. నాయుడు. ఆనాడు వేగముగా బంతి విసరి మొదటి ఇన్నింగ్సులో ఐదు వికెట్లు తీసిన మహమ్మద్ నిస్సార్, దేశవిభజన తరువాత పాకిస్తానులో స్థిరపడెను. 1946లో భారతజట్టుతో ఇంగ్లండునకు వెళ్లిన అబ్దుల్ హఫీజ్, 1952లో కార్దార్ అను పేరుతో పాకిస్తాను నాయకుడై ఢిల్లీకి వచ్చెను. హైదరాబాదులో పుట్టి పెరిగిన ఆసిఫ్ ఇక్బాల్ పాకిస్తానుకు నాయకత్వము వహించెను. ఆతని మేనమామ గులామ్ అహమ్మద్ భారతజట్టుకు నాయకుడు!

విడిపోయిన తరువాత ఓటమి యన్న భయము ఇరువురిని ఎంతగా ఆవరించెననగా, 1952లో బొంబాయి టెస్టు ముగిసినది మొదలు 1978 వరకు వారాడిన పదమూడు టెస్టులు వరుసగా ఎవరును గెలువకయే ముగిసినవి. గెలుపుకంటె ఓడకుండుటయే ముఖ్యమైనచోట ఆట ఎట్లు సాగును? చూడవచ్చినవారిపై నాకు జాలి కలుగును.

ఇక ఎన్నికకు వత్తము. ఆట విరమించినవారినే తీసుకొందును; ఇంకను ఆడుచున్నవారి లెక్క తేలలేదు గదా. టెస్టులనే చూతును. ఇద్దరు సమానులుగా తోచినపుడు, వారు ఈ ప్రత్యర్థిపైననే ఎట్లాడిరని అడుగుదును. దెబ్బ తిన్నవాని సాక్ష్యమును మించిన సాక్ష్యము లేదు.

తొలి స్థానము సునీల్ గవాస్కర్‌ది. ఇందు చర్చ లేదు. టెస్టులలో పదివేల పరుగుల మైలురాయిని అందరికంటె ముందు దాటినవాడు ఆయనయే. అది జరిగినది 1987లో అహమ్మదాబాదున, పాకిస్తాను మీదనే. ఆ నెలలోనే బెంగుళూరున, బంతి బొంగరమువలె తిరుగుచున్న నేలపై, ఆయన తన కడపటి ఇన్నింగ్సులో 96 పరుగులు చేసెను. భారతజట్టు 16 పరుగుల తేడాతో ఓడినది. ఆయన చేసిన 34 శతకములలో పెక్కింటికంటె ఈ తొంబదియారు గొప్పదని నా యభిప్రాయము.

ఆయనకు జోడుగా హనీఫ్ మహమ్మదును నిలుపవలెనని చాలసేపు ఆలోచించితిని. 1958లో బ్రిడ్జ్‌టౌనున వెస్టిండీసుపై 970 నిమిషములు క్రీజులో నిలిచి 337 పరుగులు చేసిన ధీరుడు. అయినను తలుపునకు ఇద్దరు కాపరులెందుకు? రెండవవాడు శత్రువు మీదికి పోవువాడై యుండవలెను. 2004లో ముల్తానున 309 పరుగులు చేసిన వీరేంద్ర సెహ్వాగ్ అట్టివాడు. మూడవ స్థానము రాహుల్ ద్రావిడ్‌కు, నాలుగవది సచిన్ టెండుల్కర్‌కు. పదివేల పరుగులు దాటిన యూనిస్ ఖాన్ వీరికి చేరువలోనివాడే గాని, వీరిని తప్పించువాడు కాడు.

టెండుల్కర్ మాట వచ్చినది గనుక 1999 జనవరి చివర మద్రాసులోని చేపాక్ మైదానమున జరిగినది చెప్పకుండ ముందుకు సాగలేను. గెలుపునకు 271 పరుగులు కావలెను. నడుము నొప్పితో బాధపడుచునే ఆయన 136 పరుగులు చేసెను. ఇంక 17 పరుగులు మాత్రమే మిగిలియుండగా ఔటయ్యెను. తక్కిన ముగ్గురును వెంటనే వెడలిపోవ, భారతజట్టు 12 పరుగులతో ఓడెను. కన్నీరు పెట్టుకొనవలసిన ఆ క్షణమున మద్రాసు ప్రేక్షకులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. వసీం అక్రం జట్టు మైదానము చుట్టును తిరిగి ఆ గౌరవమును అందుకొన్నది. నేను కోరుచున్న ఎన్నికదారులు ఆ దినమున చేపాక్‌లో కూర్చుండియున్నారు.

ఐదవ స్థానము దగ్గర మనవారికి కష్టము కలుగును. హైదరాబాదువాడైన వి.వి.యస్. లక్ష్మణ్ పేరేదీ యని మీరడుగుదురు. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఆతడు చేసిన 281 పరుగులు ఎవరు మఱతురు? అయినను లెక్క చూడుడు. లక్ష్మణ్ 134 టెస్టులలో 8781 పరుగులు చేసెను. జావేద్ మియందాద్ 124 టెస్టులలోనే 8832 చేసెను. సగటు చూచినను లక్ష్మణ్‌ది 46కు లోపు, మియందాద్‌ది 52కు పైన. ఇక ప్రత్యర్థిపై చేసిన పని చూతమా, 1983లో భారతజట్టుపై మియందాద్ ఔటు కాకుండ 280 పరుగులు చేసెను. అది జరిగిన ఊరి పేరు కూడ హైదరాబాదే. అయితే సింధు రాష్ట్రములోనిది. మన హైదరాబాదువాని స్థానమును ఆ హైదరాబాదు ఎగురవేసికొనిపోయినది!

ఆ నాడు మియందాద్ మూడువందలకు 20 పరుగుల దూరమున నుండగా ఇన్నింగ్సును ముగించినట్లు ప్రకటించిన నాయకుడు ఇమ్రాన్ ఖాన్. జట్టు గెలుపు ముందు, ఒక్కని ఘనత తరువాత. పాకిస్తాను ఆ పందెమున గెలిచినది. ఆ ఆరు టెస్టుల వరుసలో ఇమ్రాన్ 40 వికెట్లు తీసెను. ఆరవ స్థానమున ఆతడే నా నాయకుడు. నా జట్టులో భారతీయులు ఏడుగురు, నాయకుడు పాకిస్తానువాడు. ఇది కొందరికి రుచింపదు. కాని అంపైర్ల పక్షపాతమను మాట ప్రతి దేశమునను వినవచ్చుచున్న కాలమున, తటస్థులైన అంపైర్లు కావలెనని పట్టుపట్టిన నాయకుడు ఈతడు. 1986లో లాహోరున వెస్టిండీసుతో పాకిస్తాను ఆడిన టెస్టులో నిలిచిన అంపైర్లు ఇద్దరును భారతీయులు, వి.కె. రామస్వామి, పీలూ రిపోర్టర్. ప్రత్యర్థి దేశపువాని చూపుడువ్రేలిని నమ్మగల నాయకునికి ఇరుదేశముల జట్టును అప్పగించుటకు నాకు వెఱపు లేదు. ఆతని తరువాతి రాజకీయ జీవితముతో మనకిచట పనిలేదు.

ఏడవవాడు వినూ మన్కడ్. 1952లో ఢిల్లీలో, ఇరుదేశముల తొలి టెస్టున, పదమూడు వికెట్లు తీసెను. అదే యేట లార్డ్స్‌లో ఇంగ్లండుపై 72, 184 పరుగులు చేసెను. వికెట్ కీపరుగా సయ్యద్ కిర్మానీని తీసుకొందును. ధోనీ పరుగులు ఎక్కువ. కాని బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్ విసరిన బంతులకు వికెట్ల వెనుక నిలిచిన చేతులు కిర్మానీవి. ఆ పనికే గదా కీపరు.

స్పిన్నునకు అనిల్ కుంబ్లే. 1999లో ఢిల్లీలో పాకిస్తాను ఇన్నింగ్సులోని పది వికెట్లను ఒక్కడే 74 పరుగులకు తీసెను. అంతకు ముందు టెస్టులలో ఆ పని చేసినవాడు 1956లో జిమ్ లేకర్ ఒక్కడే. పదవవాడైన వసీం అక్రం కొట్టిన బంతిని పట్టుకొన్నది లక్ష్మణ్. హైదరాబాదువారికి ఇది కొంత ఊరట. లెగ్ స్పిన్ విద్యను బ్రతికించిన అబ్దుల్ ఖాదిర్ నాకు ప్రీతిపాత్రుడే గాని, భారతజట్టుపై అంతగా రాణింపలేదు.

మిగిలిన ఇద్దరును వేగము గలవారు: వసీం అక్రం, వకార్ యూనిస్. క్రొత్త బంతి ఒక ప్రక్క నున్నగాను మఱొక ప్రక్క గరుకుగాను అయినపుడు గాలిలో సామాన్యముగా గరుకు వైపునకు వంగును. అదే బంతి బాగుగా పాతబడి మిక్కిలి వేగముగా విసరబడినచో విపరీతముగా నున్నని వైపునకు తిరుగును. సర్ఫరాజ్ నవాజ్ నుండి ఇమ్రాన్‌కు, ఇమ్రాన్ నుండి ఈ ఇద్దరికి ఈ విద్య సంక్రమించెను. టెండుల్కర్ తన పదునారవయేట 1989లో కరాచీలో తొలి టెస్టు ఆడినపుడు, అదే పందెమున తొలిసారి ఆడిన వకార్ ఆ బాలుని 15 పరుగులకే బౌల్డు చేసెను.

కపిల్ దేవ్ ఏడీ? ఈ ప్రశ్న మొదటినుండియు మీ నోట మెదలుచుండునని నాకు తెలియును. 1983లో మనకు ప్రపంచకప్పు తెచ్చిన నాయకుని విడిచిపెట్టుట నా చేతికి కూడ బరువే. కాని ఇమ్రాన్, మన్కడ్ ఉన్న జట్టుకు ఆయన బ్యాటు అత్యవసరము కాదు. బంతి ఒక్కటే తూచవలెను. కపిల్ 131 టెస్టులలో 434 వికెట్లు తీసెను. వకార్ 87 టెస్టులలో 373. భాగహారము మీరే చేయుడు. మన నేలలు వేగమునకు అనుకూలము కావని, రెండవ వైపునుండి ఆయనకు సమానుడైన తోడు చిరకాలము దొరకలేదని మీరు వాదింపవచ్చును. అది గట్టి వాదమే. ఆ వాదముతో వకార్‌ను తప్పింపదలచినవారు, కపిల్ పరదేశపు నేలలపై తీసిన వికెట్లను, వకార్ తన దేశములో తీసినవానిని వేరువేరుగా లెక్కగట్టి తేవలెను. అంతవరకు కపిల్ నా జట్టులో పన్నెండవవాడు.