సంతకం సరే, సమయానికి సాక్షి ఎవరు?

సబ్‌రిజిస్ట్రారు కచ్చేరిలో దస్తావేజు దాఖలు చేస్తే, దాఖలైన రోజుతో పాటు గంట కూడా దానిపై రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 52వ సెక్షను అలా రాయాలంటుంది. స్టాంపు వెండరు కూడా అమ్మిన కాగితంపై తేదీ, వరుస నంబరు వేసి తన రిజిస్టరులో ఎక్కిస్తాడు. అయినా పాత తేదీల స్టాంపు కాగితాలు కావలసినవారికి దొరికేవన్నది వేరే సంగతి.

ఇప్పుడు కాగితం స్థానంలోకి కంప్యూటరు వచ్చింది. 2000 అక్టోబరు 17న సమాచార సాంకేతిక చట్టం అమల్లోకి రావడంతో, వీలునామా వంటి కొన్నింటిని మినహాయించి, డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ లభించింది. 2011లో మొదలైన మీ సేవ కేంద్రాలతో ఈ సంతకం పల్లెలకూ పరిచయమైంది. సంతకం ఎవరిదో, ఆ తర్వాత పత్రంలో అక్షరమైనా మారిందో లేదో అది కచ్చితంగా చెబుతుంది. ఎప్పుడు పెట్టారో మాత్రం తనంతట చెప్పలేదు. పత్రంపై కనిపించే సమయం చాలాసార్లు సంతకం చేసినవారి సొంత కంప్యూటరు గడియారానిదే. దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. మార్చి 31తో గడువు తీరిన పనికి ఏప్రిల్‌లో సంతకం చేసి మార్చి తేదీ చూపిస్తే, ఆ సంతకం పరీక్షకు నిలుస్తుంది. అబద్ధం తేదీలోనే ఉంది.

నిజాయితీగా సంతకం చేసినవారికీ చిక్కు తప్పదు. సంతకానికి ఆధారమైన సర్టిఫికెట్టు గడువు సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు. సంతకపు తాళం దాచిన పరికరం పోతే సర్టిఫికెట్టును మధ్యలోనే రద్దు చేస్తారు. రద్దుకు ముందు చేసిన సంతకం ఏది, దొంగ చేసినది ఏది? సమయానికి సాక్ష్యం లేకపోతే అసలు పత్రాలు కూడా అనుమానంలో పడతాయి.

ఇందుకు మార్గం లేకపోలేదు. 2001లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 3161 అనే ప్రమాణం ప్రకారం, సంతకానికి వేలిముద్ర వంటి ఒక సంఖ్యను లెక్కగట్టి కాలముద్ర సంస్థకు పంపుతారు. ఆ సంస్థ తన గడియారం చూపే సమయాన్ని దానికి చేర్చి, తన సంతకంతో తిప్పి పంపుతుంది. పత్రంలో ఏముందో దానికి తెలియదు, తెలియనక్కరలేదు. ఇదంతా క్షణాల పని. సర్టిఫికెట్టు గడువు తీరినా, ఆ సంతకం గడువులోపలే జరిగిందని ఈ ముద్ర చూపుతుంది.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, అయిదేళ్లు నిండిన ఎలక్ట్రానిక్ రికార్డు సరైన చోటు నుంచి వస్తే, అందులోని సంతకం ఆ వ్యక్తిదేనని కోర్టు భావించవచ్చు. అయితే అయిదేళ్లు నిండాయని ముందు తేలాలి కదా! మూడేళ్లలో గడువు తీరే సర్టిఫికెట్టు ఒక్కటే ఆ లెక్క చెప్పలేదు.

కాలముద్రకూ గడువు లేకపోలేదు. ముద్ర వేసిన సంస్థ సర్టిఫికెట్టు తీరేలోగా పాత ముద్రపై కొత్త ముద్ర వేయించాలి. భూముల, సర్వీసుల రికార్డుల వంటివి ముప్పై, నలభై ఏళ్లకూ అవసరపడతాయి. కనుక ఆ పని ఏ సెక్షనుదో, ఏ గుమాస్తాదో కచ్చేరీలు ముందే తేల్చుకోవలసి ఉంటుంది.