డబ్బు పాఠం చెప్పే ఫోను

పదేళ్లు నిండిన పిల్లలు తమ సేవింగ్స్ ఖాతాను తామే నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. మీకు పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి గదా! కనుక డబ్బు వ్యవహారం పెద్దవాళ్ల గొడవ అని మీరిక తప్పించుకోవడానికి వీల్లేదన్నమాట. అందుకే కాబోలు, పొదుపు గురించీ, షేర్ల గురించీ మీ వయసువారికీ, మీకంటే కాస్త పెద్దవారికీ సలహాలు చెప్పే యాప్‌లు సెల్‌ఫోనుల్లో పుట్టుకొస్తున్నాయి. కుర్రకారు పుస్తకం తెరవరు, ఫోనైతే చూస్తారు, కాబట్టి ఫోనులోనే చెబుదాం అన్నది వాటిని తయారుచేసేవారి వాదన.

ఈ వాదన తప్పని నేననను. కాని ఫోను మిమ్మల్ని ఎలా ఆకట్టుకుంటున్నదన్నది ఒక ప్రశ్న, ఆకట్టుకున్నాక ఏం నేర్పుతున్నదన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చిక్కు వస్తున్నది.

ముందు ఆకట్టుకునే సంగతి చూద్దాం. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలను ఒక పెట్టెలో ఉంచి ప్రయోగాలు చేశాడు. పెట్టె గోడకు ఉన్న మీటను పావురం ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. ఎన్నిసార్లు పొడిస్తే వస్తాయో మాత్రం దానికి తెలియదు. ఒకసారి మూడు పోట్లకే వస్తాయి, మరొకసారి ఇరవై పొడిచినా రావు. ఇటువంటి ఏర్పాటులో పావురం విసుగూ విరామం లేకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు మానదు! ఫెర్‌స్టర్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి స్కిన్నర్ ఈ ఫలితాలను 1957లో పెద్ద గ్రంథంగా ప్రచురించాడు.

ఇప్పుడు ఫోనులో డబ్బు పంపగానే తెరమీదికి వచ్చే స్క్రాచ్ కార్డును గుర్తుచేసుకోండి. ఒకరోజు అయిదు రూపాయలు, నాలుగు రోజులు వట్టిదే. పావురం ముక్కుకు బదులు మన బొటనవేలు, అంతే తేడా.

అమెరికాలో రాబిన్‌హుడ్ అనే షేర్ల యాప్ ఉన్నది. దానిలో మొదటిసారి షేరు కొన్నవారికి తెరమీద రంగు కాగితపు ముక్కలు పెళ్లిలో అక్షింతల్లా రాలేవి. అనుభవం లేనివారిని ఆటలోకి దింపినట్టు షేర్లలోకి దింపుతున్నారంటూ 2020 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర అధికారులు ఆ కంపెనీపై ఫిర్యాదు చేశారు. 2021లో కంపెనీ ఆ కాగితాల వానను ఆపేసింది.

మన దేశం సంగతి కూడా చూడండి. షేర్ల ధరలు ముందుముందు పెరుగుతాయో తరుగుతాయో ఊహించి చేసే బేరాలను ఫ్యూచర్స్, ఆప్షన్స్ అంటారు. వీటిపై షేర్ మార్కెట్‌ను అదుపుచేసే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక నివేదిక ప్రకటించింది. ఈ బేరాలు చేసిన వ్యక్తుల్లో 30 ఏళ్లలోపువారు 2022–23లో 31 శాతం ఉండగా, 2023–24లో 43 శాతానికి పెరిగారు. 2021–22 మొదలు మూడేళ్లలో బేరం చేసిన ప్రతి వందమందిలో 93 మంది నష్టపోయారు. నేరమంతా ఫోనుదేనని చెప్పలేం. కాని జేబులోంచి తీసి రెండు నొక్కులు నొక్కితే బేరం అయిపోయే సౌకర్యం లేకపోతే ఇంతమంది యువకులు అటు వెళ్లేవారా?

మరొకటి ఆలోచించండి. ఉచితంగా సలహా చెప్పే యాప్‌కు ఖర్చులు ఎవరిస్తారు? మీరు ఏదైనా కొన్నప్పుడల్లా దానికి కమీషన్ ముడుతుంటే, "ఈ నెల ఏమీ కొనవద్దు" అనే సలహా దాని నోట ఎలా వస్తుంది?

అలాగని ఫోనును అవతల పారేయమనడం లేదు. ఫోను పక్కన పెట్టాక అదే లెక్కను మీరు కాగితం మీద వేయగలుగుతున్నారా? వేయగలిగితే అది మంచి యాప్ అంటాను. మన ఊళ్లలో అప్పు మాట శాతాల్లో రాదు. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటారు. ఎంత చిన్న మాట! అయితే ఆ రెండు రూపాయలు నెలకు. నెలనెలా కట్టేస్తే ఏడాదికి 24 రూపాయలు. కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే, అంటే చక్రవడ్డీ అయితే, వంద రూపాయల బాకీ ఏడాది తిరిగేసరికి 126 రూపాయల 82 పైసలవుతుంది. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో ఈ సూత్రం ఉన్నది, పరీక్షలో మార్కులూ వస్తాయి. ఇంట్లో బాకీకీ ఆ సూత్రానికీ సంబంధముందని మాత్రం చాలామందికి తట్టదు. నెలలను వేలితో జరుపుతుంటే గీత మొదట నిటారుగా సాగుతున్నట్టే ఉండి, పోనుపోను పైకి వంగడం ఫోను తెరమీద కళ్లకు కడుతుంది. ఆ వంపు చూపించడానికి నల్లబల్ల చాలదు. లెక్కల మాస్టారు ఒక్క పీరియడ్ ఫోనును తరగతిలోకి రానిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

దీనికి ఏ యాప్ కూడా అక్కరలేదు. ఫోనులోని మామూలు కాల్క్యులేటరు తీసి, 100ని 1.02 చేత గుణించండి. వచ్చినదాన్ని మళ్లీ 1.02 చేత గుణించండి. ఒక్కొక్క గుణకారం ఒక్కొక్క నెల. 35వ నెల దగ్గర ఆగి, తెరమీద ఉన్న సంఖ్యను ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి.